వెనక గరాజ్‌ని చిన్న ఇల్లు చేస్తే మా టీచరమ్మకి అందే అద్దెలో ఇవ్వగలమా?

శాన్‌హోసే_సుధ
మా పాప ప్రీస్కూల్ టీచర్ రోజూ ట్రేసీ అనే దూరపు ఊరి నుంచి వస్తుంది. నాలుగున్నరకల్లా ఇంట్లోంచి బయటపడకపోతే 580 హైవే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతుంది కాబట్టి తెల్లారకముందే వచ్చేసి, స్కూల్ తలుపులు తీసేదాకా కార్లోనే పడుకుంటుంది. మొన్న నేను కాస్త ముందుగా వెళ్ళి చూశా. సీటు వెనక్కి వాల్చుకుని, పిల్లలకి కప్పే చిన్న దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది, కాళ్ళు దుప్పటి బయటే ఉన్నాయి. ఇంటికొచ్చాక కూడా అదే కళ్ళముందు మెదులుతోంది.

మాది 1953లో కట్టిన ఇల్లు, 6,000 చదరపు అడుగుల స్థలం, వెనక విడిగా రెండు కార్ల గరాజ్ ఉంది, 20 బై 20. మేం కొన్న దగ్గర్నుంచి అందులో కారు పెట్టిందే లేదు, అట్టపెట్టెలూ పాత సైకిళ్ళూ తప్ప. ఆమెకి వెనక ఒక ఏడీయూ, అదే పెరట్లో కట్టే చిన్న ఇల్లు, కట్టి ఇద్దామని మా ఆయనా నేనూ అనుకుని ఒక డిజైనర్‌ని పిలిచాం. ఆయన గరాజ్ పడగొట్టి 1,000 చదరపు అడుగుల్లో రెండు బెడ్‌రూమ్‌లు వేద్దాం, 3,90,000 డాలర్లు అవుతుంది, నెలకి 3,600 అద్దె ఈజీగా వస్తుంది అన్నాడు. ఆ టీచర్ ఇవ్వగలిగేది మహా అయితే 1,500. పెరటి ఇళ్ళతో ఊళ్ళో ఇళ్ళ కొరత తీరుతుందని ఇన్నేళ్ళుగా వింటున్నాం కదా, 3,600 పెడితే తీరేది ఎవరి కొరత? ఆమెకి అందేలా కట్టే దారి ఉందా లేదా, తెలిసినవాళ్ళు చెప్పండి.

కొలతల_కృష్ణ
ముందు రెండు విషయాలు చెప్పండి. గరాజ్ గోడలు కంచెకి ఎంత దూరంలో ఉన్నాయి? అసలు ఎందుకు పడగొట్టమన్నాడు?

శాన్‌హోసే_సుధ
పడమర వైపు 2 అడుగులు, వెనక దక్షిణం వైపు 5 అడుగులు. పాత గరాజ్ కదా, కొత్తగా కడితేనే లుక్ వస్తుంది అన్నాడు.

కొలతల_కృష్ణ
పడగొట్టకండి. అదే సైజులో అదే చోట మళ్ళీ లేపితే వేరు గానీ, ఆయన చెప్పినట్టు 1,000కి పెంచితే పెరిగిన భాగానికి పక్కనా వెనకా 4 అడుగులు వదలాల్సిందే. ఉన్న గరాజ్‌ని ఉన్నట్టే మారిస్తే ఆ 2 అడుగులు అలాగే ఉంచుకోవచ్చు, గరాజ్ పోయిందని బదులుగా వేరే పార్కింగ్ చూపించమని కూడా అడగరు. కొత్తగా విడిగా కట్టే ఏడీయూకి సోలార్ పెట్టాలి, మార్పిడికి ఆ తలనొప్పి లేదు. 750 చదరపు అడుగుల లోపుంటే ఇంపాక్ట్ ఫీజు, అంటే ఊరి సౌకర్యాల కోసం కొత్త ఇళ్ళ మీద వేసేది, లేదు. 500 లోపుంటే కొత్త కట్టడాల మీద స్కూళ్ళ కోసం వేసే ఫీజూ లేదు. మీది 400. ఈ కాలిఫోర్నియాలో జనం 749 చదరపు అడుగుల ప్లాన్లు గీయించుకుంటూ వచ్చింది ఆ ఒక్క అడుగు కోసమే.

లెక్కల_మాష్టారు
సుధ గారూ, మీ ప్రశ్నకి జవాబు మొత్తం అప్పు దగ్గరే ఉంది, అది ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. ఇంటి మీద తీసుకునే లోన్ 8 శాతం, 20 ఏళ్ళు అనుకోండి. ప్రతి లక్ష డాలర్లకీ నెల వాయిదా దాదాపు 836. మీ డిజైనర్ చెప్పిన 3,90,000కి నెలకి 3,260 దాటుతుంది. ప్రాపర్టీ టాక్సూ ఇన్సూరెన్సూ కలిపితే 3,600 పైనే. అంటే ఆయన అద్దె మార్కెట్ చూసి చెప్పలేదు, మీ అప్పు తీరాలంటే ఎంత రావాలో చెప్పాడు. ఆ ఇంట్లో టీచర్ ఎప్పటికీ ఉండలేదు, మీరు ఎంత మంచివాళ్ళైనా సరే.

ఇప్పుడు గరాజ్ మార్పిడి 1,30,000లో అయిందనుకుందాం. వాయిదా 1,087. టాక్స్ గురించి చాలామంది భయపడతారు గానీ ప్రాప్ 13 అనే కాలిఫోర్నియా ఆస్తి పన్ను చట్టం వల్ల దీనికోసం మీ పాత ఇంటి విలువ మళ్ళీ కట్టరు, కొత్తగా చేరిన పనికే లెక్క కడతారు, సుమారు 1.2 శాతం వేసుకున్నా నెలకి 130. మొత్తం 1,217. పైన ఇన్సూరెన్స్, రిపేర్లు. 1,500 అద్దెకి సరిపోతుంది, మీ చేతి నుంచి పడేదేమీ లేదు. పెద్దగా మిగిలేదీ లేదు, ఆ మాట ముందే ఒప్పుకుని దిగండి.

ఫ్రీమాంట్_పాపారావు
1,30,000లో అవ్వడం కష్టం మాష్టారూ. నేను మా అమ్మానాన్నల కోసం గరాజే మార్చా, 1,62,000 అయింది. గోడల కంటే నేల కింద పనే ఎక్కువ తినేసింది. డ్రైనేజీ పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు కావాలి, మా గరాజ్ నుంచి మెయిన్ లైన్‌కి 60 అడుగులు, అంటే అక్కడికి చేరేసరికి 15 అంగుళాలు కిందికి దిగాలి. మా లైన్ అంత లోతులో లేదు, దాంతో పంపు పెట్టాల్సొచ్చింది. పాత 100 ఆంప్స్ కరెంటు ప్యానెల్ మార్చి 200 పెట్టడానికి ఇంకో ఖర్చు. సుధ గారూ, డిజైన్ గీయించక ముందే ఒక ప్లంబర్‌ని పిలిచి మీ క్లీనవుట్ (డ్రైనేజీ లైన్‌ని శుభ్రం చేయడానికి తెరిచే చోటు) ఎంత లోతుందో కొలిపించండి, ఆ ఒక్క కొలతతో ఎన్ని వేలు అటూ ఇటూ అవుతాయో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట, నా అనుభవం. మొదటి కాంట్రాక్టర్‌కి 40,000 అడ్వాన్స్ ఇచ్చా. స్లాబ్ కోసి గుంత తవ్వి వదిలేసి పోయాడు, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. వానాకాలం మొత్తం ఆ గుంతలో నీళ్ళు నిలిచాయి, నాన్న రోజూ పొద్దున్నే బకెట్‌తో తోడేవారు. ఈ రాష్ట్రంలో ఇంటి రిపేరు పనులకి అడ్వాన్స్ 1,000 డాలర్లు గానీ కాంట్రాక్ట్‌లో 10 శాతం గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అదే తీసుకోవాలి, చట్టం అది. నాకు అప్పుడు తెలీదు. లైసెన్స్ నంబర్ సీఎస్ఎల్‌బీ, అంటే కాంట్రాక్టర్లకి లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర బోర్డు, సైట్‌లో చూడకుండా ఎవరికీ చెక్కు రాయకండి.

గోదారి_గట్టు
అమ్మో 40,000!! దొరికాడా మరి?

ఫ్రీమాంట్_పాపారావు
లేదమ్మా. లైసెన్స్ కోసం కాంట్రాక్టర్ పూచీగా పెట్టే బాండ్ నుంచి కొంత వచ్చింది అంతే.

ఓక్‌ల్యాండ్_వంశీ
అందరూ గరాజ్ కొలతల్లో పడ్డారు గానీ సుధ గారు అడిగిన అసలు ప్రశ్న పక్కకి పోయింది. ఎవరి కొరత తీరుతుంది అన్నారు కదా. నా అభిప్రాయం సూటిగా చెప్తా, పెరటి ఇళ్ళతో ఊరి కొరత తీరదు. 2019 లెక్కల్లో శాన్ హోసేలో నివాస స్థలాల్లో 94 శాతం విడి ఇళ్ళకే కేటాయించి ఉంది, స్టేషన్ల చుట్టూ నాలుగైదు అంతస్తులు లేపకుండా ఒక్కో ఇంటి వెనకా ఒక్కో గది కడుతూ పోతే ఎన్నేళ్ళు పడుతుంది? పైగా సొంతిల్లు ఉన్నవాడికే ఇది, అప్పు పుట్టేది వాడికే, విలువ పెరిగేది వాడి స్థలానికే. టీచర్ ఎప్పటికీ అద్దెకే ఉంటుంది.

కొలతల_కృష్ణ
వంశీ, అపార్ట్‌మెంట్లు కావాలి, కాదనను. కానీ ఆ 94 శాతంలో ఏదైనా ఒకటి కట్టగలిగిన దారుల్లో ఇన్నాళ్ళకి బాగా నడిచింది ఇదే. నేను యూసీఎల్‌ఏలో చదివేప్పుడు అక్కడ సిటీల్యాబ్ అనే పరిశోధన కేంద్రంలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ డానా కఫ్ వాళ్ళు దీని మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు, క్యాంపస్‌లో నమూనా పెరటి ఇల్లు ఒకటి కట్టి చూపించారు కూడా. పెరటి ఇళ్ళ మీద కాలిఫోర్నియా తెచ్చిన 2016 నాటి ఏబీ 2299 బిల్లు రాయడంలో ఆమె చేయి ఉంది. అది 2017 జనవరిలో అమల్లోకి వచ్చింది. లాస్ ఏంజెలస్‌లో 2016లో ఇచ్చిన ఏడీయూ పర్మిట్లు 80, మరుసటి ఏడాది దాదాపు 2,000. డిజైన్లు అంతకుముందూ ఉన్నాయి, జనానికి కోరికా ఉంది, అడ్డం పడ్డది పార్కింగ్ రూల్స్, ఫీజులు, హియరింగులు. అవి తీసేయగానే కదిలింది.

ఓక్‌ల్యాండ్_వంశీ
పర్మిట్లు పెరిగాయి సరే అన్నా. అద్దెలు?

రైన్‌సిటీ_రమ
వంశీ అడిగినదానికి మా పోర్ట్‌ల్యాండ్ సంగతి చెప్తా. ఇక్కడ 2010లో ఏడీయూల మీద సిటీ డెవలప్‌మెంట్ ఛార్జీలు తీసేసింది, అవి ఒక్కో ఇంటికి వేలల్లో ఉండేవి. దాంతో మా వీధిలోనే నాలుగు లేచాయి. తీరా చూస్తే వాటిలో రెండు వారాంతపు టూరిస్టులకే. ఊరు ఫీజు వదులుకున్నది ఊళ్ళో వాళ్ళు ఉండటానికి గానీ సూట్‌కేసులు దొర్లించుకొచ్చేవాళ్ళ కోసం కాదు కదా. చివరికి 2018లో ఆ మినహాయింపుని శాశ్వతం చేసినప్పుడు ఒక షరతు పెట్టారు, ఫీజు కట్టకుండా కడితే పదేళ్ళు షార్ట్ టర్మ్ అద్దెకి ఇవ్వకూడదని. నాకు నచ్చిన రూల్ అది. ఊరు ఇచ్చేది ఇస్తే, ఇంటాయన ఇచ్చేదీ ఒకటి ఉండాలి.

కొలతల_కృష్ణ
లాస్ ఏంజెలస్‌లో ఎల్ఏ మాస్ అనే సంస్థ 2018లో ఇలాంటిదే మొదలుపెట్టింది రమ గారూ. డిజైన్, పర్మిట్, లోన్, కాంట్రాక్టర్ అన్నిటికీ వాళ్ళు సాయం చేసేవారు, బదులుగా ఆ ఇంటిని కనీసం అయిదేళ్ళు సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) ఉన్నవాళ్ళకి ఇవ్వాలనేవారు.

గోదారి_గట్టు
సెక్షన్ 8 అంటే మా వాళ్ళు భయపడతారు, ఎవరొస్తారో ఏమో అని.

రైన్‌సిటీ_రమ
భయం దేనికండీ? అద్దెలో పెద్ద భాగం ప్రతినెలా హౌసింగ్ అథారిటీ నుంచే వస్తుంది. అయినా కాలిఫోర్నియాలో వోచర్ ఉంది కాబట్టి ఇవ్వను అనడమే 2020 నుంచి కుదరదు.

అద్దెఇంటి_అనూష
అందరూ ఇచ్చేవాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను రెండేళ్ళు ఒకరి పెరటి ఇంట్లో అద్దెకున్నా, సన్నీవేల్‌లో, 420 చదరపు అడుగులు. ఓనర్ అంకుల్ ఆంటీ చాలా మంచివాళ్ళు. కానీ ఆ ఇల్లు గీసినవాడు అందులో ఒక మనిషి బతుకుతుందని ఎక్కడా అనుకున్నట్టు లేదు.

నా ఒకే ఒక్క పెద్ద కిటికీ సరిగ్గా వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగా ఉండేది. నేను కాఫీ కలుపుకుంటుంటే ఆంటీ గిన్నెలు తోముతూ చెయ్యి ఊపేది. ప్రేమగానే. కానీ వారం తిరిగేసరికి నేను పరదా వేసేశా, రెండేళ్ళు ఆ పరదా తీయలేదు, పగలు కూడా లైట్ వేసుకునే బతికా. వాషింగ్ మెషీన్ వాళ్ళ ఇంట్లో, బట్టలు ఉతుక్కోవాలంటే పర్మిషన్ అడగాలి. రాత్రి తొమ్మిదికి ఆఫీస్ నుంచి వస్తే పక్క సందులో లైట్ లేదు, చెత్త డబ్బాలు తప్పించుకుంటూ ఫోన్ టార్చ్‌తో నడిచేదాన్ని. పొయ్యి పైన హుడ్ ఉండేది గానీ గాలి బయటికి పోయే గొట్టం లేదు, పోపు పెడితే ఆ ఘాటు మళ్ళీ నా మొహానికే కొట్టేది, మర్నాడు ఆఫీస్ బ్యాగ్ కూడా ఇంగువ వాసనే.

సుధ గారూ, మీ టీచర్‌కి సొంత తలుపు, సొంత దారి, దారికి ఒక దీపం, సొంత మెయిల్ బాక్స్, లోపలే వాషర్, బయటికి పోయే గొట్టంతో హుడ్ పెట్టండి. అద్దె తక్కువ కదా అని ఇవి తగ్గించొద్దు ప్లీజ్.

బెజవాడ_బుల్లోడు
అనూష చెప్పింది చదువుతుంటే మా సత్యనారాయణపురం ఇల్లు గుర్తొచ్చింది. మా తాతగారి ఇంట్లో నాలుగు వాటాలు. ముందు వాటాలో మేం, పక్క వాటాలో రైల్వే గార్డు గారు, వెనక రెండు వాటాల్లో ఒకదాంట్లో టైలరు, ఒకదాంట్లో కొత్తగా పెళ్ళైన టీచర్లు. ఒకే బావి, ఒకే పెరడు. తాతగారు కట్టించేప్పుడే ఏ వాటా గుమ్మమూ ఇంకో వాటా గుమ్మానికి ఎదురు పడకుండా పెట్టించారు, అడిగితే ఎవరి గుట్టు వాళ్ళది అనేవారు. అద్దె పెంచాల్సొచ్చినా ఒకళ్ళ ఇంట్లో పురుడో జబ్బో ఉంటే ఆ ఏడు వదిలేసేవారు. ఇప్పుడు మీరు ఏడీయూ అంటున్నదాన్ని మేం వాటా అనేవాళ్ళం, అంతే తేడా.

గోదారి_గట్టు
వాటా!! ఎన్నాళ్ళకి విన్నా ఈ మాట.

లెక్కల_మాష్టారు
అనూష చెప్పిన లిస్టుకి ఖర్చు వేశా. దారి దీపం, మెయిల్ బాక్స్, గొట్టం ఉన్న హుడ్ మొత్తం పనిలో పెద్ద లెక్క కాదు. వాషర్‌కి చోటు ముఖ్యం గానీ డబ్బు కాదు. గుమ్మం ఎటు పెట్టాలనే దానికి అసలు ఖర్చే లేదు, ముందే ఆలోచిస్తే.

స్ట్రక్చరల్_శేఖర్
గరాజ్ మార్పిడిలో అందరూ మర్చిపోయే పాయింట్లు చెప్తా. 16 అడుగుల గరాజ్ తలుపు తీసేసి మూసేప్పుడు అక్కడ మామూలు గోడ వేస్తే సరిపోదు, ఆ ముందు వైపే భూకంపానికి ఎప్పుడూ బలహీనం, షియర్ వాల్, అంటే ఇల్లు పక్కకి ఊగకుండా ఆపే గట్టి గోడ, వచ్చేలా ఇంజనీర్‌తో గీయించండి. స్లాబ్ తలుపు వైపుకి వాలుగా పోసి ఉంటుంది, కింద తేమ ఆపే షీట్ ఉండదు, 1953 అంటే అసలు ఉండదు. లెవెల్ చేసి పైన ఇన్సులేషన్ వేస్తే ఎత్తు తగ్గుతుంది, పూర్తయ్యాక 7 అడుగులు కచ్చితంగా ఉండాలి. వీలైతే సీలింగ్ కొట్టకుండా రిడ్జ్ బీమ్, అంటే కప్పు కొనని మోసే దూలం, వేసి కప్పు వాలు అలాగే వదలండి, 400 అడుగుల గది 600లా అనిపిస్తుంది.

పడమర గోడ కంచెకి 2 అడుగులే అన్నారు. 3 అడుగుల లోపుంటే ఆ గోడలో కిటికీ పెట్టనివ్వరు, గోడ కూడా గంటసేపు మంటకి ఆగేలా కట్టాలి. అది నష్టం అనుకోకండి. కిటికీ అక్కర్లేనివన్నీ ఆ గోడకి తోసేయండి. బాత్‌రూమ్, వంటగది, బీరువా. తడి పనంతా ఒకే గోడలో ఉంటే పైపుల ఖర్చు బాగా తగ్గుతుంది. బాత్‌రూమ్‌కి పైనుంచి స్కైలైట్. మంచం దక్షిణం వైపు, అక్కడ 5 అడుగులు ఉంది కాబట్టి పెద్ద కిటికీ పెట్టొచ్చు, దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించొద్దు, మంటలొస్తే మనిషి దూకి బయటపడాలి. గుమ్మం తూర్పుకి, పెరట్లోకి. మూసేసిన గరాజ్ తలుపు వైపు, అంటే మీ ఇంటి వైపు, కళ్ళ ఎత్తు కంటే పైన సన్నటి కిటికీ చాలు. అనూష పరదా గొడవ అక్కడికి తీరిపోతుంది.

శాన్‌హోసే_సుధ
శేఖర్ గారూ ఇది ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి పెట్టా. తూర్పు వైపు పెద్ద నిమ్మచెట్టు ఉంది, గుమ్మం తీస్తే దాని నీడే పడుతుంది.

కొలతల_కృష్ణ
నిమ్మచెట్టు పర్లేదు. పెరట్లో ఇంకేదైనా పెద్ద చెట్టు కొట్టాలంటే మాత్రం శాన్ హోసేలో మాను చుట్టుకొలత 38 అంగుళాలు గానీ అంతకు మించి గానీ ఉంటే పర్మిట్ కావాలి. ఇంకోటి, సిటీ ముందే ఒప్పుకున్న ప్లాన్లు ఉంటాయి, వాటితో కొత్తగా కడితే రివ్యూ 30 రోజుల్లో అవ్వాలి, మామూలుగా 60. మీది మార్పిడి కాబట్టి 60 లెక్కే పట్టుకోండి.

ఫ్రీమాంట్_పాపారావు
ఒక్కటి అడగొచ్చా? పాప టీచర్‌కే ఇల్లిస్తే రేపు స్కూల్లో ఏదైనా తేడా వస్తే? అద్దె లేటైతే అడగ్గలరా? పాప గురించి ఆమె ఏదైనా చెప్పాల్సొస్తే ఆమె మొహమాటపడదా? తెలిసినవాళ్ళకి ఇవ్వడం అంత తేలిక కాదమ్మా.

రైన్‌సిటీ_రమ
పాపారావు గారు చెప్పింది నిజమే, కానీ దానికి మందు ఇవ్వకపోవడం కాదు, లీజు పక్కాగా రాసుకోవడం. మేలు చేస్తున్నట్టు కాకుండా మామూలు అద్దె ఇంటిలా అన్నీ కాగితం మీద పెట్టండి. ఏడాదికి ఎంత పెంచుతారో కూడా ఇప్పుడే రాయండి, ఆమెకి ప్లాన్ చేసుకోవడం కుదురుతుంది.

అద్దెఇంటి_అనూష
+1. మొహమాటం ఎప్పుడొస్తుందంటే రూల్ ఏంటో తెలీనప్పుడు. మా ఆంటీ వాళ్ళతో నాకు ఏదీ రాసి లేదు, అందుకే వాషింగ్ మెషీన్ కోసం కూడా మొహమాటపడేదాన్ని.

ఓక్‌ల్యాండ్_వంశీ
నేను ఇంకా నా మాట మీదే ఉన్నా, ఊరికి అపార్ట్‌మెంట్లు కావాలి, ఆ మీటింగ్‌లకి మీరందరూ వచ్చి మాట్లాడాలి కూడా. సొంతం చేసుకోవడం గురించి అన్నాను కదా, చూస్తే ఏబీ 1033 అని ఒక రాష్ట్ర చట్టం ఉంది, ఊరు ఒప్పుకుంటే పెరటి ఇంటిని కాండోలా విడిగా అమ్మొచ్చు. 2024లో శాన్ హోసేనే అందరికంటే ముందు ఒప్పుకుంది. సుధ గారూ, ఇప్పుడే కాదు గానీ మీటర్లూ పైపులూ విడదీయడానికి వీలుగా పెట్టించుకోండి. ఎప్పటికైనా ఆమె కొనుక్కునే రోజు రావచ్చు.

శాన్‌హోసే_సుధ
ఈ మాట నాకు అసలు తట్టలేదు వంశీ. థాంక్స్.

శాన్‌హోసే_సుధ
మూడు వారాల తర్వాత వస్తున్నా. ప్లంబర్ వచ్చి చూశాడు, మా లైన్ లోతు సరిపోతుందట, పంపు అక్కర్లేదు. ప్యానెల్ మాత్రం మార్చాల్సిందే. వేరే డిజైనర్, ఇద్దరు కాంట్రాక్టర్లు చూశాక అంచనా 1,41,000 దగ్గర ఆగింది. మాష్టారి లెక్కన వాయిదా 1,180, టాక్స్ 141, అంటే 1,500లో ఇంకా పడుతుంది.

ఆమెని ఆదివారం ఇంటికి పిలిచాం. ముందు నేనే భయపడ్డా ఎలా అడగాలా అని, పాపారావు గారి మాటలన్నీ గుర్తొచ్చాయి. వద్దన్నా మేమేమీ అనుకోబోమని ముందే చెప్పేశా. గరాజ్ మొత్తం ఖాళీ చేసి, మన ఊళ్ళో పునాదికి ముగ్గు పోస్తారు కదా, అలా ముగ్గుపిండితో నేల మీద గోడలు గీశాం, బాత్‌రూమ్ ఇక్కడ, పొయ్యి ఇక్కడ, మంచం ఇక్కడ అని. మా పాప గుమ్మం దగ్గర పువ్వు కూడా వేసింది. ఆమె ఆ గీతల మధ్య నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాషర్ కోసం వదిలిన చోటికి వెళ్ళి చేతులు చాపి కొలుచుకుంది. బాత్‌రూమ్ ఒక్క అడుగు తగ్గించగలరా, ఈ కిటికీ కింద బల్ల వేసుకుంటా, పిల్లల బొమ్మలు కత్తిరించే పని ఇంట్లో చేసుకోవచ్చు అంది. డిజైనర్‌కి చెప్పా, ఆ అడుగు కుదురుతుందట.

లీజు రమ గారు చెప్పినట్టే రాస్తున్నాం, ఏడాదికి 3 శాతం మించి పెంచబోమని.

స్ట్రక్చరల్_శేఖర్
బాత్‌రూమ్ అడుగు తగ్గిస్తే షవర్ వెడల్పు ఎంత మిగులుతుంది? లోపల 30 అంగుళాల వెడల్పు ఉండాలి. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకి 15, ముందు 24. ఆ డ్రాయింగ్ కొలతలతో ఇక్కడ పెట్టండి, పర్మిట్‌కి వెళ్ళేలోపు చూసిస్తా.

శాన్‌హోసే_సుధ
షవర్ 32 ఉంది. సాయంత్రం పెడతా శేఖర్ గారూ.